3 కాదని కొట్టేసి, మళ్ళీ 3 ఎలా పెడతారు? లిమిట్స్‌లో డౌట్

ఎనికేపాడు_ఎంపీసీ
అన్నయ్యలూ అక్కయ్యలూ, నాది ఇంటర్ ఫస్టియర్, హాస్టల్లో ఉంటాను, ఫోన్ ఆదివారం మాత్రమే ఇస్తారు అందుకే మొత్తం ఒకేసారి రాసేస్తున్నా. ఎక్స్ 3 కి వెళ్తున్నప్పుడు (ఎక్స్² − 9)/(ఎక్స్ − 3) లిమిట్ కనుక్కోమన్నారు. పైన ఫ్యాక్టర్స్ చేస్తే (ఎక్స్ − 3)(ఎక్స్ + 3) వస్తుంది, పైదీ కిందదీ కొట్టేస్తే ఎక్స్ + 3, అందులో 3 పెడితే 6. ఆన్సర్ కరెక్టే, మార్కులూ పడతాయి. నాకు అర్థం కానిదేంటంటే కొట్టేసేటప్పుడు ఎక్స్ − 3 సున్నా కాదనుకున్నాం, అంటే ఎక్స్ 3 కాదు. కింది లైన్లోనే ఎక్స్ = 3 పెట్టేశాం. ఒక లైన్లో కాదన్నదాన్ని ఇంకో లైన్లో అవునంటే అదెట్లా కుదురుతుంది? క్లాసులో అడిగితే లిమిట్ అంటే దగ్గరికి వెళ్ళడం అన్నారు. ఎంత దగ్గరికి? ఎక్కడ ఆగాలి? అదొకటి, ఇంకా కంటిన్యుటీకి పెన్ను ఎత్తకుండా గ్రాఫ్ గీయగలిగితే కంటిన్యువస్ అని చెప్పారు, దాన్ని పరీక్షలో ఎలా రాయాలో కూడా తెలీట్లేదు. ప్లీజ్ ఎవరైనా నిదానంగా చెప్పండి.

బెంజ్‌సర్కిల్_శీను
తమ్ముడూ మరీ లోతుకి పోకు. 0/0 వచ్చిందా, పైన విడిగా కింద విడిగా డిఫరెన్షియేట్ చెయ్. 2ఎక్స్ బై 1, 3 పెడితే 6, అయిపోయింది. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చెయ్యాలి, ఒక్కో దానికి నిమిషం చిల్లర, ఇలాంటివి ఆలోచిస్తా కూర్చుంటే టైమ్ చాలదు.

బ్రాడీపేట_లెక్కల_మాస్టారు
నాయనా ఎనికేపాడూ, నీ డౌట్ చిన్నది కాదు. శీను చెప్పింది పరీక్ష హాల్లో పనికొస్తుంది, నువ్వు అడిగింది మాత్రం వేరు. నిదానంగా చూద్దాం.

నీ దగ్గర ఉన్నది ఒక ఫంక్షన్ కాదు, రెండు. మొదటిది (ఎక్స్² − 9)/(ఎక్స్ − 3). దీనికి 3 దగ్గర విలువే లేదు, అక్కడ చిన్న చిల్లు ఉంది. రెండోది ఎక్స్ + 3. దీనికి 3 దగ్గర శుభ్రంగా 6 ఉంది. 3 ఒక్కటి వదిలేస్తే మిగతా అన్ని చోట్లా ఈ రెండూ అచ్చంగా ఒకటే. నువ్వు కొట్టేసింది ఎక్స్ 3 కానప్పుడే, అది న్యాయమే.

ఇప్పుడు లిమిట్ అనేది 3 చుట్టుపక్కల ఏం జరుగుతోందో చూస్తుంది, 3 దగ్గర ఏముందో అసలు చూడదు. అక్కడ విలువ ఉన్నా, లేకపోయినా, తప్పు విలువ ఉన్నా దానికి అనవసరం. కాబట్టి చుట్టుపక్కల ఒకేలా ఉన్న రెండు ఫంక్షన్లకి లిమిట్ ఒకటే అవ్వాలి. అంటే మొదటిదాని లిమిట్ కావాలంటే రెండోదాని లిమిట్ కనుక్కుంటే చాలు. ఇక రెండోది 3 దగ్గర కంటిన్యువస్, అంటే దాని లిమిట్టూ దాని విలువా ఒకటే, అందుకని 3 పెట్టేసి 6 అంటున్నాం. 3 పెట్టింది రెండోదాన్లో, మొదటిదాన్లో కాదు. ఈ రెండు మెట్లనీ బోర్డు మీద ఒకే లైన్లో లాగేస్తారు, నీకు అక్కడే అడ్డం పడింది.

ఇంకొకటి. ఎఫ్ ఆఫ్ 3 = 10 అని ఎవరైనా ఇచ్చారనుకో, మిగతా చోట్ల నీ ఫంక్షనే. లిమిట్ ఎంత? 6 ఏ. విలువ ఎంత? 10. రెండూ కలవలేదు కాబట్టి 3 దగ్గర కంటిన్యువస్ కాదు. ఎఫ్ ఆఫ్ 3 = కే అని ఇచ్చి, కంటిన్యువస్ అయితే కే ఎంత అని అడిగితే 6 అంటావు. బోర్డు పరీక్షలో తిప్పి తిప్పి అడిగేది ఇదే. రాసేటప్పుడు మూడు చూపించు: అక్కడ విలువ ఉంది, లిమిట్ ఉంది, రెండూ సమానం.

ఆటోనగర్_లేత్
మాస్టారూ నేను డిప్లొమా చదివి ఆటోనగర్లో లేత్ షాపులో చేస్తన్నానండి. "ఎంత దగ్గరికి" అని తమ్ముడు అడిగాడు కదా, ఆ ముక్క నాకు మా మిషన్ మీదే అర్థమైంది కాబట్టి చెప్తా.

పార్టీ షాఫ్ట్ తెచ్చి 25 మిల్లీమీటర్లు రావాలి, 0.02 అటూ ఇటూ పర్లేదు అంటాడు. ఆ 0.02 వాడి చేతిలోది, నేను మార్చలేను. నా చేతిలో ఉన్నది టూల్‌ని లోపలికి తోసే డయల్. టూల్ 0.01 లోపలికి వెళ్తే జాబ్ రెండు వైపులా తెగుతుంది కాబట్టి డయామీటర్ 0.02 తగ్గుతుంది. అంటే వాడు 0.02 వదిలితే నేను డయల్‌ని 0.01 లోపు పట్టుకోవాలి. ఇంకో పార్టీ వచ్చి 0.01 కంటే తేడా రాకూడదంటే నేను 0.005 లోపు పట్టుకోవాలి. వాడు ఎంత అడిగినా అందులో సగం లోపు పెడితే నా పని అయిపోతుంది. మిషన్ నిజంగా అంత పట్టదు, అది వేరే సంగతి, లెక్కలో మాత్రం ఎంత అడిగినా సమాధానం ఉంది. డిప్లొమాలో ఎప్సిలాన్ డెల్టా బట్టీ కొట్టా, షాపులోకి వచ్చాక వాడిది ఎప్సిలాన్, నాది డెల్టా అని తెలిసింది.

బ్రాడీపేట_లెక్కల_మాస్టారు
బాబూ ఎంత బాగా చెప్పావయ్యా. డెల్టా = ఎప్సిలాన్ బై 2, అచ్చంగా అదే. ఎనికేపాడూ, ఇందులో ముందెవరు అడుగుతున్నారో పట్టుకో. ముందు ఎప్సిలాన్ వస్తుంది, అది ఎంత చిన్నదైనా సరే, దానికి తగ్గ డెల్టా నువ్వు చూపించాలి. ఒక్క ఎప్సిలాన్‌కి చూపిస్తే చాలదు, ఏది ఇచ్చినా చూపించగలగాలి. "ఎక్కడ ఆగాలి" అన్నావు కదా, ఆగడం వెళ్ళడం అనేవి ఇందులో లేనే లేవు. ఏదీ కదలదు. అడిగిన ప్రతి దూరానికీ సమాధానం ఉందా లేదా, అంతే.

నీ లెక్కలో అయితే ఎక్స్ కి 3 కి మధ్య దూరం సున్నా కంటే ఎక్కువ, డెల్టా కంటే తక్కువ ఉంటే, ఫంక్షన్ విలువకి 6 కి మధ్య దూరం ఎప్సిలాన్ కంటే తక్కువ ఉండాలి. "సున్నా కంటే ఎక్కువ" అని ఉంది చూశావా, పుస్తకంలో దాన్ని చదవకుండానే దాటేస్తారు. నీ ప్రశ్నకి జవాబు ఆ ముక్కలోనే ఉంది. ఎక్స్ 3 అవ్వడాన్ని డెఫినిషనే బయట పెట్టింది. కంటిన్యుటీ డెఫినిషన్ రాసేటప్పుడు ఆ ముక్క తీసేస్తారు, ఎందుకంటే అక్కడ 3 దగ్గర విలువ కూడా లెక్కలోకి రావాలి.

అరండల్‌పేట_అక్క
శీను గారూ, ఆ షార్ట్‌కట్ గురించి ఒక మాట. నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్, ట్యూషన్లు చెప్తాను, లోపిటాల్ రూల్‌ని, అంటే పైనా కిందా విడివిడిగా డిఫరెన్షియేట్ చెయ్యడాన్ని, పిల్లలు ఎడాపెడా వాడేయడం రోజూ చూస్తుంటాను. (ఎక్స్ + 1)/(ఎక్స్ + 2) కి సున్నా దగ్గర లిమిట్ 1/2. పైనా కిందా డిఫరెన్షియేట్ చేస్తే 1 వస్తుంది, తప్పు. అది 0/0 కాదు కాబట్టి రూల్ వర్తించదు, కానీ అలవాటు పడ్డ చెయ్యి చూసుకోదు. ఇంకోటి, ఎక్స్ ఇన్ఫినిటీకి వెళ్తున్నప్పుడు (ఎక్స్ + సైన్ ఎక్స్)/ఎక్స్ చూడండి. సైన్ ఎప్పుడూ −1 కీ 1 కీ మధ్యలోనే ఉంటుంది, ఎక్స్ తో భాగిస్తే పోతుంది, లిమిట్ 1. రూల్ వాడితే 1 + కాస్ ఎక్స్ వచ్చి ఊగుతూనే ఉంటుంది, లిమిట్ లేదు అని రాసేస్తారు. రూల్ చెప్పేది డెరివేటివ్‌ల నిష్పత్తికి లిమిట్ ఉంటే అదే జవాబు అని మాత్రమే, లేకపోతే ఏమీ చెప్పదు.

అన్నిటికంటే ముఖ్యం సైన్ ఎక్స్ బై ఎక్స్. దానికి ఈ రూల్ వాడాలంటే సైన్ డెరివేటివ్ కాస్ అని తెలియాలి, అది రుజువు చెయ్యాలంటేనే సైన్ ఎక్స్ బై ఎక్స్ లిమిట్ 1 అని ముందు కావాలి. చుట్టూ తిరిగి మొదటికే వస్తాం. యూనిట్ సర్కిల్ గీసి, లోపలి త్రిభుజం కంటే సెక్టార్ పెద్దది, సెక్టార్ కంటే బయటి త్రిభుజం పెద్దది అని ఏరియాలు పోలిస్తే సైన్ ఎక్స్ కంటే ఎక్స్ పెద్దది, ఎక్స్ కంటే టాన్ ఎక్స్ పెద్దది అని వస్తుంది, దాన్నుంచి సైన్ ఎక్స్ బై ఎక్స్ అనేది కాస్ ఎక్స్ కీ 1 కీ మధ్య ఇరుక్కుంటుంది. కాస్ 1 కి పోతోంది, ఇంక దానికి వేరే దారి లేదు.

బెంజ్‌సర్కిల్_శీను
మీరు చెప్పింది ఒప్పుకుంటా మేడమ్, (ఎక్స్ + సైన్ ఎక్స్)/ఎక్స్ ఎప్పుడూ చూడలా. కానీ సెట్ ఎగ్జామ్‌కి అది పనికొస్తుందనేది కూడా నిజం, 0/0 అవునా కాదా చూసుకుని వాడమంటే సరిపోతుంది కదా.

అరండల్‌పేట_అక్క
సరిపోతుంది. డిఫరెన్షియేషన్ చాప్టర్ అయ్యాక.

పటమట_బీటెక్
సైన్ ఎక్స్ బై ఎక్స్ అంటే గుర్తొచ్చింది, కాలిక్యులేటర్లో చూద్దామని మా తమ్ముడు సైన్ 0.1 కొట్టి 0.1 తో భాగిస్తే 0.01745 వస్తోంది, లిమిట్ 1 అన్నారు కదా ఇదేంటి అని అడిగాడు. మెషిన్ డిగ్రీల మోడ్‌లో ఉంది. రేడియన్లకి మార్చి కొడితే 0.9983, ఎక్స్ 0.01 పెడితే 0.99998. డిగ్రీల్లో ఉంచితే లిమిట్ పై బై 180, అదే ఆ 0.01745. రేడియన్లు ఎందుకు వాడతారు అంటే ఈ లిమిట్ 1 రావడానికే, లేకపోతే ప్రతి డెరివేటివ్‌లో ఈ పై బై 180 తోకలా వేలాడుతుంటుంది.

కొత్తపేట_ట్యాక్స్
గుంటూరు కొత్తపేట నుంచి అండి, నేను కామర్స్ మనిషిని, ఆడిట్ ఆఫీసులో చేస్తాను. కంటిన్యుటీకి మా దగ్గర చక్కటి లెక్క ఉంది, ఇంటర్ పిల్లలకి పనికొస్తుందేమో చూడండి.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త రెజీమ్‌లో ఆదాయం 12 లక్షల దాకా ఉంటే రిబేట్ వల్ల ట్యాక్స్ సున్నా. స్లాబుల ప్రకారం లెక్కేస్తే మాత్రం 4 నుంచి 8 లక్షల మీద 5 శాతం 20,000, 8 నుంచి 12 మీద 10 శాతం 40,000, మొత్తం 60,000. ఆ 60,000 నీ రిబేట్ మాఫీ చేస్తోంది. మరి 12 లక్షల 10 రూపాయలు వస్తే? రిబేట్ పోయింది, ఒక్కసారిగా 60 వేల పైన కట్టాలి. పది రూపాయలు ఎక్కువ సంపాదించిన పాపానికి 60 వేలు. మీ భాషలో 12 లక్షల దగ్గర ఎడమ నుంచి లిమిట్ 0, కుడి నుంచి లిమిట్ 60,000, గెంతు.

ఇది అన్యాయమనే మార్జినల్ రిలీఫ్ పెట్టారు. 12 లక్షలు దాటినంత సొమ్ము కంటే ట్యాక్స్ ఎక్కువ ఉండకూడదు. 10 రూపాయలు దాటితే ట్యాక్స్ 10 రూపాయలు. ఇప్పుడు కుడి నుంచి కూడా 0 కే వస్తుంది, గెంతు పోయింది. సెస్ పక్కన పెట్టి లెక్కేస్తే ఈ రిలీఫ్ సుమారు 12,70,588 దాకా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ 60,000 కి పైన 15 శాతం కలిపినదీ, దాటిన సొమ్మూ సమానం అవుతాయి. ఆ తర్వాత మామూలు స్లాబ్.

బ్రాడీపేట_లెక్కల_మాస్టారు
అద్భుతం అండి. గ్రాఫ్ గీస్తే 12 లక్షల దాకా నేల మీద పడుకున్న గీత, అక్కడ్నుంచి 12,70,588 దాకా 1 వాలుతో ఎక్కుతుంది, ఆ తర్వాత పై స్లాబ్ వచ్చేదాకా 0.15 వాలు. ఎక్కడా తెగలేదు కాబట్టి కంటిన్యువస్, రెండు చోట్ల మూల తిరిగింది కాబట్టి అక్కడ డిఫరెన్షియబుల్ కాదు, అంటే ఆ పాయింట్ దగ్గర ఒకే వాలు ఇంత అని చెప్పలేం. మాడ్ ఎక్స్ కి, అంటే మైనస్ గుర్తు తీసేసిన ఎక్స్ కి, సున్నా దగ్గర జరిగేది అదే. పిల్లలు డిఫరెన్షియబుల్ అయితే కంటిన్యువస్ అనేదాన్ని తిరగేసి కంటిన్యువస్ అయితే డిఫరెన్షియబుల్ అనుకుంటారు, వాళ్ళకి ఈ ట్యాక్స్ గ్రాఫ్ చూపించాలి. 1872 లో వయర్‌స్ట్రాస్ అయితే అంతటా కంటిన్యువస్ అయ్యుండి ఒక్క చోట కూడా డిఫరెన్షియబుల్ కాని ఫంక్షన్‌ని చూపించాడు, దానికి ఏ చోటా వాలు చెప్పలేం.

బందర్‌రోడ్_ఫిజిక్స్
పెన్ను ఎత్తకుండా గీయడం గురించి ఎవరూ చెప్పలేదు. 1/ఎక్స్ గీయాలంటే సున్నా దగ్గర పెన్ను ఎత్తాల్సిందే కదా, కాబట్టి అది డిస్‌కంటిన్యువస్, అంతే కదా?

అరండల్‌పేట_అక్క
కాదండి. కంటిన్యుటీ అడగాల్సింది డొమైన్‌లో, అంటే ఫంక్షన్‌కి విలువ ఉన్న చోట్ల, ఉన్న పాయింట్ల దగ్గరే. సున్నా 1/ఎక్స్ డొమైన్‌లో లేదు. డొమైన్‌లో ఏ పాయింట్ తీసుకున్నా లిమిట్టూ విలువా కలుస్తాయి, కాబట్టి అది కంటిన్యువస్ ఫంక్షనే. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో క్లాసు పుస్తకంలో కూడా ఇలాగే ఉంటుంది.

బందర్‌రోడ్_ఫిజిక్స్
మరి మేము "సున్నా దగ్గర ఇన్ఫినిట్ డిస్‌కంటిన్యుటీ" అని చదువుకున్నాం. గ్రాఫ్ ఒక పక్క పాతాళానికి, ఇంకో పక్క ఆకాశానికి పోతుంటే దాన్ని కంటిన్యువస్ అనడానికి నాకు మనసు ఒప్పట్లేదు.

బ్రాడీపేట_లెక్కల_మాస్టారు
ఇద్దరూ చెప్పేది పుస్తకాల్లో ఉంది. సున్నా దగ్గర దానికి ఏ విలువ ఇచ్చినా కంటిన్యువస్ చేయలేం, ఆ అర్థంలో కొందరు అలా రాస్తారు. ఎనికేపాడు లెక్కలో ఉన్న చిల్లుని 6 పెట్టి పూడ్చేయొచ్చు, దీన్ని పూడ్చలేం. పరీక్షలో డొమైన్ ఏంటో ముందు ఒక లైన్ రాస్తే ఏ గొడవా ఉండదు. నా మటుకు నాకు అక్క చెప్పిందే సరైనది. పెన్ను మాట మొదటి రోజుకి పర్లేదు, ఒకే ముక్కగా ఉన్న ఇంటర్వల్ మీద బుద్ధిగా ఉండే ఫంక్షన్లకే అది పనికొస్తుంది. ఎక్స్ × సైన్ (1/ఎక్స్) తీసుకుని, సున్నా దగ్గర 0 పెట్టండి. సున్నాకి దగ్గరయ్యేకొద్దీ అటూ ఇటూ లెక్కలేనన్ని సార్లు ఊగుతుంది, ఏ పెన్నుతో గీస్తారు? అయినా కంటిన్యువస్, ఎందుకంటే దాని సైజు ఎప్పుడూ మాడ్ ఎక్స్ దాటదు. ముందున్న ఎక్స్ తీసేసి ఉత్త సైన్ (1/ఎక్స్) అయితే లిమిటే లేదు, సున్నాకి ఎంత దగ్గరికి వెళ్ళినా 1 దగ్గరకీ −1 దగ్గరకీ పోతూనే ఉంటుంది. ఎప్సిలాన్ 1/2 అడిగితే చాలు, దానికి ఏ డెల్టా నిలవదు.

మంగళగిరి_అమ్మ
నమస్తే అండి. మా అమ్మాయి టెన్త్ రాసింది, ఎంపీసీ అంటోంది. సెలవుల్లోనే లిమిట్స్ మొదలెట్టించమని అందరూ అంటున్నారు. అవసరమా?

అరండల్‌పేట_అక్క
వద్దండి. ఫ్యాక్టర్స్ చెయ్యడం, మాడ్ ఉన్న అసమానతలు, చిన్న చిన్న గ్రాఫులు చేత్తో గీయడం, ఈ మూడూ గట్టిగా వస్తే చాలు. మాడ్ (ఎక్స్ − 3) < 0.1 అని చూడగానే 2.9 కీ 3.1 కీ మధ్య అని తనకి కళ్ళకి కట్టాలి. లిమిట్స్‌లో పిల్లలు తడబడేది లిమిట్ దగ్గర కాదు, ఇక్కడే.

ఎనికేపాడు_ఎంపీసీ
ఇవాళ ఆదివారం, ఇప్పుడే అన్నీ చదివా, మాస్టారూ మీకూ లేత్ అన్నయ్యకీ అక్కకీ అందరికీ చాలా థాంక్స్. రెండు ఫంక్షన్లు అనేది చదవగానే మొత్తం విడిపోయింది. సొంతంగా ఒకటి చేశా, సరిచూడండి. ఎక్స్² కి 3 దగ్గర లిమిట్ 9 అని చూపించాలి. ఎక్స్² − 9 అంటే (ఎక్స్ − 3)(ఎక్స్ + 3). లేత్ లెక్కలో 2 ఉన్నట్టు ఇక్కడ ఎక్స్ + 3 ఉంది కానీ అది మారిపోతోంది, దాంతో చాలాసేపు ఆగిపోయా. తర్వాత ఎక్స్ ని 3 నుంచి 1 కంటే దూరం పోనివ్వను అనుకుంటే ఎక్స్ 4 దాటదు, ఎక్స్ + 3 అనేది 7 దాటదు. అప్పుడు డెల్టా = ఎప్సిలాన్ బై 7 పెడితే సరిపోతుంది, కాకపోతే ఎప్సిలాన్ పెద్దదిస్తే డెల్టా 1 దాటిపోతుంది కాబట్టి 1, ఎప్సిలాన్ బై 7 ఈ రెండిట్లో చిన్నది తీసుకోవాలి. ఎప్సిలాన్ 0.07 పెట్టి చూశా, డెల్టా 0.01. 3.01 స్క్వేర్ 9.0601, తేడా 0.0601. 2.99 స్క్వేర్ 8.9401, తేడా 0.0599. రెండూ 0.07 లోపే.

ఇంకో డౌట్. ఇదే ప్రశ్న ముందు ఎవరూ అడగలేదా?

బ్రాడీపేట_లెక్కల_మాస్టారు
లెక్క పూర్తిగా కరెక్ట్. ఇంకోటి, 7 బదులు 10 పెట్టినా తప్పు కాదు, డెల్టా చిన్నదైతే ఎప్పుడూ నష్టం లేదు, అన్నిటికంటే పెద్ద డెల్టా వెతకనక్కర్లేదు.

అడిగారు నాయనా. 1734 లో ఐర్లండ్‌కి చెందిన బర్క్‌లీ అనే బిషప్ సరిగ్గా నీ ప్రశ్నే అడిగాడు. న్యూటన్ పద్ధతిలో చిన్న పెరుగుదలని ముందు సున్నా కాదనుకుని భాగిస్తారు, చివర్లో సున్నా అని పారేస్తారు, ఒకే వాదనలో రెండూ ఎలా కుదురుతాయి అని. న్యూటన్ లెక్కల జవాబులు గ్రహాల దగ్గర సరిపోతూనే ఉన్నాయి, కానీ ఆ ప్రశ్నకి సరైన సమాధానం చాలా కాలం రాలేదు. ప్రాగ్‌లో బోల్జానో 1817 లో కంటిన్యుటీకి ఇప్పుడు మనం వాడేలాంటి డెఫినిషన్ ఇచ్చాడు, పారిస్‌లో కోషీ 1821 లో లిమిట్ మీదే కాలిక్యులస్ మొత్తం కట్టడం మొదలెట్టాడు, ఎప్సిలాన్ డెల్టాలని ఇప్పటి రూపంలో నిలబెట్టింది బెర్లిన్‌లో వయర్‌స్ట్రాస్ పాఠాలు. మొత్తం వందేళ్ళ పైనే పట్టింది.

పటమట_బీటెక్
బోల్జానో అంటే తమ్ముడికి ఒకటి చూపిస్తా, కంటిన్యుటీ ఎందుకు అనే దానికి. ఎక్స్³ + ఎక్స్ − 1 = 0 కి సమాధానం ఉందా? 0 పెడితే −1, 1 పెడితే 1. కంటిన్యువస్ కాబట్టి మధ్యలో ఎక్కడో సున్నాని దాటి తీరాలి. 0.5 పెడితే −0.375, కాబట్టి 0.5 కీ 1 కీ మధ్య. 0.75 పెడితే 0.17 పైన, కాబట్టి 0.5 కీ 0.75 కీ మధ్య. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే 0.682 దగ్గరకి వస్తుంది. మాకు ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో ఇదే రాయించారు. ఫంక్షన్ గెంతేదైతే ఈ పద్ధతి మొత్తం పోతుంది, −1 నుంచి 1 కి సున్నాని తాకకుండానే దాటేయొచ్చు.

అరండల్‌పేట_అక్క
ఎనికేపాడూ, వచ్చే ఆదివారం దాకా నీకొకటి. ఎక్స్ రేషనల్ అయితే ఎఫ్ ఆఫ్ ఎక్స్ = ఎక్స్, ఇర్రేషనల్ అయితే 0. ఇది ఎక్కడ కంటిన్యువస్? పెన్ను మర్చిపో, ఎప్సిలాన్ డెల్టాతోనే చెయ్.

ఎనికేపాడు_ఎంపీసీ
అక్కా ఫోన్ ఇచ్చేయడానికి ఇంకా పావుగంట ఉంది, ఇప్పుడే చేశా. సున్నా దగ్గర విలువ 0. ఎక్స్ ఏదైనా ఎఫ్ ఆఫ్ ఎక్స్ సైజు మాడ్ ఎక్స్ దాటదు, కాబట్టి డెల్టా = ఎప్సిలాన్ చాలు, సున్నా దగ్గర కంటిన్యువస్. వేరే పాయింట్ తీసుకుని దాన్ని సి అనుకుంటే, అది సున్నా కాదు, ఎంత చిన్న డెల్టా పెట్టినా ఆ దగ్గర్లో రేషనల్సూ ఉంటాయి ఇర్రేషనల్సూ ఉంటాయి. రేషనల్స్ మీద విలువ సి దగ్గరకి పోతుంది, ఇర్రేషనల్స్ మీద 0. ఎప్సిలాన్‌ని మాడ్ సి లో సగం అడిగితే ఏ డెల్టా పెట్టినా కుదరదు. అంటే సున్నా ఒక్క దగ్గరే కంటిన్యువస్, ఇంకెక్కడా కాదు. ఒకే ఒక్క పాయింట్ దగ్గర కంటిన్యువస్ అనేది అసలు ఉంటుందా అక్కా?

అరండల్‌పేట_అక్క
ఉంటుంది. ఇప్పుడు నువ్వే రుజువు చేశావు కదా.